పద్దెనిమిది నంబరు పానా

మొన్నొక ఆసుపత్రిలో మందుల కిటికీ దగ్గర వరసలో నిలబడ్డాను. ముందు రాత్రి సరిగ్గా నిద్ర లేదు. ఎండాకాలం మధ్యాహ్నం, తల మీద ఫ్యాను ఒకటే గొణుగుడు, నిలబడే కునుకు తీస్తున్నాను. కిటికీ అవతల నుంచి “టోకెన్?” అని వినబడింది. “ఇదిగో అత్తా” అని చెయ్యి చాపాను. అవతల కూర్చున్నది ఇంతలేసి మీసాలున్న మనిషి! ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. వెనక ఎవరో తెలుగువాళ్ళున్నారు కాబోలు, కిసుక్కుమన్నారు. సిగ్గుతో చచ్చాననుకోండి. మందులు పట్టుకుని బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాక నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వు కాస్తా కాసేపటికి ఏడుపైపోయింది.

అత్త పోయి ఏడాది దాటింది. ఆవిడకీ నాకూ చుట్టరికమేమీ లేదు. టాటానగర్ దగ్గర పర్సుడీహ్‌లో మా సందు చివరి ఇల్లు ఆవిడది. వాళ్ళదీ మాదీ శ్రీకాకుళం వైపే కాబట్టి నేను అత్తా అనేదాన్ని, ఆవిడ నన్ను కోడలా అనేది. సందులో అందరికీ మాత్రం ఆవిడ బిళ్ళల అత్త. అసలు పేరు రేషన్ కార్డులో ఉండేదేమో, నేనెప్పుడూ చూడలేదు.

ఈ బిళ్ళల సంగతి చెప్పకపోతే ఆవిడ ఎవరికీ అర్థం కాదు. మొగుడు టెల్కో కాలనీ పక్కన లారీల కార్ఖానాలో చేసేవాడట. పచ్చకామెర్లతో చిన్న వయసులోనే పోతే ఆ ఉద్యోగం ఈవిడకిచ్చి పనిముట్ల గది కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. పనివాడు వచ్చి తన నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఇస్తాడు. ఈవిడ దాన్ని మేకుకి తగిలించి పానాయో సుత్తో అందిస్తుంది. పని అయ్యాక పానా తిరిగొస్తే బిళ్ళ తిరిగిస్తుంది. ముప్పై ఏళ్ళు ఇదే పని. ఉద్యోగం నుంచి దిగి ఇంటికైతే వచ్చింది గానీ ఆ కిటికీలోంచి మాత్రం బయటికి రాలేదు, నన్నడిగితే.

ఎందుకంటే ఇంట్లోనూ కిటికీయే. ఎవరైనా తలుపు కొడితే “ఇటు రా” అని పక్క కిటికీ దగ్గరికి పిలిచేది. ఊచల వెనక ముక్కాలిపీట మీద ఆవిడ, ఇవతల మనం. అట్లకాడ ఒకసారి ఇమ్మంటే “బిళ్ళేదే?” అనేది. మేము కొత్తగా వచ్చినప్పుడు బిత్తరపోయాను. తర్వాత తెలిసింది, ఏదో ఒకటి మనది అక్కడ పెట్టాలని. తలపిన్నో, గాజో, దువ్వెనో, చెవి జూకాయో. ఆవిడ దాన్ని మేకుకి తగిలించి అప్పుడు అట్లకాడ ఇచ్చేది. కొత్తిమీరకి మాత్రం బిళ్ళ అక్కర్లేదు. “తిరిగొచ్చీదానికే బిళ్ళ, తినీదానికి బిళ్ళేటే” అని నాకే ఎదురు చివాట్లు.

వంటింటి గోడ చూడాలి మీరు. గరిటె, అట్లకాడ, పట్టకారు, అప్పడాల కర్ర, ఒక్కోదానికీ మేకు, మేకు కింద ఆ వస్తువు ఆకారంలోనే పసుప్పచ్చ రంగుతో గీత. ఏది లేకపోయినా దాని గీత ఖాళీగా కనబడుతుంది. ముందు గదిలో ఇంకో గోడ. దాని మీద పానాలు. ఆరో నంబరు నుంచి ముప్పైరెండు దాకా, చిన్నదాని పక్కన కొంచెం పెద్దది. పాత ఇనుం బజారులో ఏళ్ళ తరబడి ఒక్కొక్కటీ ఏరి కొనుక్కుందట. శుక్రవారం శుక్రవారం పాత చీర ముక్కని నూనెలో ముంచి అన్నిటినీ తుడిచేది. విశ్వకర్మ పూజకి వాటికి పసుపు, కుంకుమ, ఒక్కో చామంతి పువ్వు. ఆ రోజు ప్రాణం పోతున్నా ఒక్క పానా కూడా ఇచ్చేది కాదు, అవి సెలవులో ఉన్నాయట.

మధ్యాహ్నం ఎండ ఆ కిటికీలోంచి వచ్చి ఆరో నంబరు మీద మొదలుపెట్టి సాయంత్రానికి ముప్పైరెండు దాకా నడిచేది. ఆ గదిలో నూనె వాసన, ఆవిడ నమిలే వక్కపొడి వాసన, దూరంగా గూడ్సు బండి వెళ్తున్న చప్పుడు. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే అవన్నీ ఒకదాని మీద ఒకటి పడి, ఏది ముందో ఏది వెనకో తెలియకుండా వస్తాయి. ఒక్కోసారి ఆ గోడ నిజంగా అంత పొడుగు ఉండేదా, నేనే పెంచుకున్నానా అని అనుమానం.

సందులో ఏది చెడినా “అత్తనడుగు” అనేవాళ్ళు. సైకిలు కిర్రుమంటోందా, కుళాయి కారుతోందా, కిటికీ దగ్గరికెళ్ళి చెప్పడమే. ఆవిడ కళ్ళు మూసుకుని వినేది. నట్టు పట్టుకెళ్తే వేళ్ళ మధ్య ఒకసారి తిప్పి చూసేది. “పదమూడు” అనేది. అంతే, పదమూడే సరిపోయేది. ఎప్పుడూ తప్పిందే లేదు. నంబరు చెప్పి, బిళ్ళ పెట్టించుకుని, పానా అందించేది. పని మాత్రం మనమే చేసుకోవాలి. గొప్ప మేస్త్రీలు అంతే కదా, చెప్తారు గానీ చెయ్యి పెట్టరు, అనుకునేవాళ్ళం.

ఇక నా గోల. నేను గమ్హరియాలో ఒక చిన్న యూనిట్‌లో చేస్తున్నాను, ఇప్పటికీ. ఇనుప పిన్నులు కొలత చూసే గేజీలో పెట్టి చూసి, సరిగ్గా ఉన్నవి ఒక డబ్బాలో, లేనివి ఇంకో డబ్బాలో వెయ్యడం. పొద్దున్న ఆరున్నరకి గేటు. టాటానగర్‌లో అయిదున్నరకి రైలెక్కితే ఆరింటికి గమ్హరియాలో దిగుతాను. అక్కణ్ణించి మూడు కిలోమీటర్లు. షేర్ ఆటో నిండితే గానీ కదలదు, ఆ వేళప్పుడు ఒక్కోరోజు అది నిండదు. ఆ రోజు నడిచానా, ఎంత గబగబా నడిచినా అయిదు నిమిషాలు లేటు. ఆ నెలలో అప్పటికే మూడుసార్లు లేటయ్యాను. శనివారం సూపర్‌వైజరు నా ముఖం కూడా చూడకుండా చెప్పాడు. “సోమ్‌వార్ కో లేట్, తో గేట్ సే హీ వాపస్.” సోమవారం ఆలస్యమైతే గేటు దగ్గర నుంచే ఇంటికి. ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే, పదో క్లాసు చదివే కూతురు, వయసైపోయిన అమ్మ.

అదే సాయంత్రం సాక్చీలో ఒక కొట్టు గోదాం ఖాళీ చేస్తున్నారని మాతో పనిచేసే ఆవిడ చెప్పింది. వెళ్ళాను. వాన నీళ్ళకి తడిసి చిరిగిపోయిన అట్టపెట్టె ఒకటి మూల పడుంది. మడతపెట్టే కరెంటు సైకిలు! బజారు ధరలో సగం కన్నా తక్కువ. కాగితాలు లేవు, గ్యారంటీ లేదు, వెనక్కి తెస్తే తీసుకోము అన్నాడు కొట్టువాడు. రైల్లో సీటు కింద పెట్టుకోవచ్చు, దిగాక విప్పుకుని వెళ్ళిపోవచ్చు. ఆరు గంటల పది నిమిషాలకి గేటు దగ్గర ఉంటాను. ఇంకేం ఆలోచించలేదు, కొనేశాను. ఆటోలో ఆ పెట్టెని ఒళ్ళో పెట్టుకుని వస్తుంటే పసిపిల్లని తెస్తున్నంత జాగ్రత్త.

ఇంట్లో పెట్టె విప్పగానే నా కూతురు నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. “మమ్మీ, యే తో ఖిలౌనా హై” అంది. బొమ్మట! ఒళ్ళు మండింది గానీ దానిమీద అరవడానికి టైమేదీ. చక్రాలు రెండూ పళ్ళేలంత ఉన్నాయి, హ్యాండిలు వంగి పడుకుంది, సీటు వేరే సంచిలో, పెడళ్ళు కాగితంలో చుట్టి. బిగించుకోవడానికి ఒక్క పానా లేదు. ఆ రాత్రికి బ్యాటరీని చార్జింగులో పెట్టి పడుకున్నాను. దాని ఎర్రదీపం ఆకుపచ్చగా మారిందా లేదా అని మధ్యలో మూడుసార్లు లేచి చూశాను.

ఆదివారం పొద్దున్నే సైకిల్ని అత్త కిటికీ కిందికి ఈడ్చుకెళ్ళాను.

“అదేటే, ఇరిగిపోనాదేటి?” అంది ఊచల్లోంచి.

“ఇరగలేదత్తా, మడత. రేపు పొద్దున్నకి ఇది నడవాల. లేపోతే నా పని పోతాది.”

శనివారం జరిగిందంతా చెప్పాను. ఆవిడ వక్కపొడి పక్క బుగ్గకి నెట్టి, “బిళ్ళెట్టు” అంది.

ఆ రోజంతా నాకు ఒక కలలాగే గుర్తు. చలికాలం చివర, ఎండ వెచ్చగా, సందులో ఎవరింట్లోనో పప్పు పోపు పెడుతున్న వాసన. నేను నేల మీద గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాను. నా కూతురు ఫోనులో ఎవడో బిగిస్తున్న వీడియో పెట్టి గుమ్మంలో కూర్చుంది. కిటికీలోంచి అత్త గొంతు. “హ్యాండిలుకా? అయిదో నంబరు, ఆరుపలకల పుల్ల.” నా తలపిన్ను మేకెక్కింది. “సీటు గొట్టానికా? పదమూడు.” పిన్ను దిగింది, గాజు ఎక్కింది. “పెడలుకా? పదిహేను.” ఎడం పక్క పెడలు ఎంత తిప్పినా ఎక్కలేదు. నేను అరచేతులు కందిపోయేలా తిప్పుతుంటే నా కూతురు “మమ్మీ, ఉల్టా ఘుమావో” అంది. ఎడం పెడలు వెనక్కి తిప్పాలట! అత్త వైపు చూశాను, నీకు తెలీదా అన్నట్టు. ఆవిడ చూపు తిప్పుకుని గోడ మీది పానాలు సర్దుతోంది. అప్పుడు నాకేమీ తట్టలేదు.

మధ్యాహ్నం బ్రేకు తీగ బిగించుకుంటూ అడిగాను. “అత్తా, ఈ సందులో నీ పానా ఎవలు ఎత్తుకుపోతారే? ఈ బిళ్ళలెందుకు మాకు?”

ఆవిడ మెల్లగా మొదలుపెట్టింది. “సామాన్లకనుకుంతారు అందరూ. ఓపాలి సాయింత్రం షిఫ్టు వదిలేసినారు. అందరూ ఎల్లిపోనారు. నాను కిటికీ మూసేత్తన్నాను. ఒక్క బిళ్ళ ఏలాడతంది. పానా ఎవుడో మర్సిపోనాడులే, రేపిత్తాడులే అన్నారు మావోళ్ళు. నాను కదల్లేదు. పానా రాలేదంతే మనిసి లోపలే ఉన్నాడని అరిసినాను. ఎతికితే పెట్టెల ఎనకాల పడున్నాడు, జొరంతో, ఒంటి మీద తెలివి లేకుండా.”

“బతికినాడా?”

“బతికినాడు. మొన్న మొన్నటి దాకా దసరాకి మిఠాయి అట్టుకొచ్చీవోడు.” ఆవిడ నా గాజు ఉన్న మేకు వైపు చూసింది. “మేకు మీద బిళ్ళుంతే మనిసి ఇంకా ఇంటికెల్లలేదని. అంతేనే.”

అన్నేళ్ళు ఆవిణ్ణి పిసినారిదని ఆడిపోసుకున్నందుకు నా మీద నాకే అసహ్యమేసింది. ఆ మాట పైకి చెప్పలేదు, చెప్పుండాల్సింది.

పొద్దుగూకే వేళకి సైకిలు నిలబడింది. సీటు కింద బ్యాటరీకి తాళం చెవి తిప్పాను. హ్యాండిలు మీద నీలం దీపం వెలిగింది. సందులో పది గజాలు పోనిచ్చాను. చప్పుడే లేదు! నేను తొక్కడం లేదు, ఇళ్ళే నా పక్కనుంచి వెనక్కి జారుకుంటున్నాయి. పిచ్చిదానిలా నవ్వాను. తిరిగొస్తుంటే వెనక నుంచి కిచ్, కిచ్ అని మొదలైంది. వెనక చక్రం ఒక పక్కకి ఒరిగి బ్రేకుకి రాసుకుంటోంది. అత్త కళ్ళు మూసుకుని విని, “ఎనక ఇరుసు నట్లు. పద్దెనిమిది” అంది. గాజు, పిన్ను అప్పటికే తిరిగి తీసుకుని ఇంట్లో పడేసి వచ్చాను. చేతిలో ఉన్నది సైకిలు తాళం చెవి. అదే బిళ్ళగా పెట్టేసి పానా తీసుకున్నాను. చక్రాన్ని మోకాలితో అదిమి పట్టుకుని కుడి పక్క నట్టు బిగించాను. చక్రం నిటారుగా వచ్చింది. హమ్మయ్య అనుకుని సైకిలు మడిచి ఇంట్లో పెట్టేశాను.

ఎనిమిదింటికి అన్నం తింటుంటే గుర్తొచ్చింది. తాళం చెవి! పానా నా ఇంట్లోనే ఉంది, చెవి ఆవిడ మేకు మీద ఉంది. పరిగెత్తాను. అత్త ఏడింటికి కిటికీ మూసేస్తుంది, ఇక ఆ తర్వాత ఎవరొచ్చినా తీయదు.

“అత్తా! నా తాళం!”

“షిఫ్టయిపోనాది. పొద్దున్నకి రా,” లోపలి నుంచి గొంతు.

“అది లేపోతే బండి నడవదత్తా!”

“అయిదవకుండానే తీత్తాన్లే. ఎల్లి తొంగో.”

నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ వచ్చాను. ముసలిదానికి ఉద్యోగం పోయినా దర్జా పోలేదన్నాను. పాపం, ఆ మాట ఆవిడకి వినబడిందో లేదో ఈ రోజుకీ తెలియదు.

పొద్దున్న నాలుగున్నరకే సైకిలూ పానా పట్టుకుని వెళ్ళాను. సందంతా మంచు. వీధి దీపం చుట్టూ వెలుగు పిండిలా రాలుతోంది. రెండడుగుల అవతల ఇల్లు కనబడటం లేదు. తలుపు కొట్టాలేమోనని వెళ్తే కిటికీ బార్లా తీసే ఉంది. ఊచల వెనక అత్త నిలబడుంది, దుప్పటి కప్పుకుని, చేతిలో తాళం చెవితో.

“నీ బిళ్ళ ఏలాడతంతే నాకు నిద్దరేటి పడతాదే,” అంది. పానా తీసుకుని, నిమిరి చూసి, గోడకి తగిలించి, అప్పుడు చెవి ఇచ్చింది.

చెవి తిప్పాను, ఎక్కాను. నాలుగు గజాలు పోయానో లేదో కిచ్, కిచ్, కిచ్. ఈసారి చక్రం పూర్తిగా పట్టేసింది. దిగి చూస్తే తెలిసింది. నిన్న కుడి పక్క నట్టొక్కటే బిగించాను. ఎడం పక్కది వేలితో తిప్పితే తిరుగుతోంది. రోజంతా పిన్నులకి తప్పులు పట్టే దాన్ని, నా తప్పు నేను చూసుకోలేదు! నిన్నటిలా మోకాలితో అదిమితే మళ్ళీ ఒరిగిపోతుంది, చక్రాన్ని రెండు చేతులతో మధ్యలో సరిగ్గా పట్టుకుంటే గానీ నట్టు బిగించడానికి లేదు, నాకున్నవి రెండే చేతులు. అయిదవుతోంది. అక్కడే మంచులో కూలబడి ఏడుపు లంకించుకున్నాను. పోయింది, అంతా పోయింది అనుకున్నాను.

నా వెనక అత్త తలుపు గడియ తీసిన చప్పుడు. నేను ఆ సందుకొచ్చిన ఇన్నేళ్ళలో అత్త పని మీద ఆ గుమ్మం దాటి రావడం చూడలేదు. మంచులోంచి దుప్పటితో వచ్చింది. చేతిలో పద్దెనిమిది నంబరు పానా. తడుముకుంటూ నడుస్తోంది.

“కళ్ళజోడేదత్తా?”

“మేక్కి తగిలించినాను. పానా తీసినాను కదేటి,” అంది, నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆవిడ నేల మీద కూర్చుంది. వేళ్ళతో ఇరుసు వెతుక్కుని, నట్టు మీద పానా ఒక్కసారికే సరిగ్గా కూర్చోబెట్టింది. నేను చక్రం పట్టుకున్నాను. ఆవిడ కదల్లేదు.

“బేగి, అత్తా! రైలెల్లిపోతాది!”

ఆవిడ నా వైపు ముఖం తిప్పింది. కళ్ళజోడు లేని ఆ ముఖం నాకు కొత్తగా ఉంది, చిన్నపిల్ల ముఖంలా.

“ఎటేపు తిప్పాలే?” అంది.

నాకు అర్థం కాలేదు.

“ఇచ్చీదాన్నే గాని నానెప్పుడు తిప్పినానే,” అంది గొంతు తగ్గించి. “తిప్పమని ఆ పానాలెవులూ నాకియ్యలేదు. ఎటేపు?”

ముప్పై ఏళ్ళు. ఆ గోడ నిండా పానాలు. “ఇటు, గడియారం తిరిగీ యేపు,” అన్నాను. ఆవిడ తిప్పింది. మొదట భయంభయంగా. నట్టు పట్టు దొరికాక పళ్ళు బిగించి, రెండు చేతులూ వేసి, ఒళ్ళంతా పానా మీదికి వంచి. చాలత్తా అన్నా వినదు. కుడి పక్కది కూడా ఇంకో చుట్టు వేసింది. లేచి నిలబడి ఆయాసపడుతూ, “చేరినాక ఫోన్ చెయ్యి. జల్దీ, పో,” అంది.

ఆ పొద్దుటి ప్రయాణం నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. మంచులో నీలం దీపం ముందు పోతోంది, దాని వెనక నేను. కింద చక్రం తిరుగుతోందో లేదో కూడా తెలియనంత నిశ్శబ్దం. జన్మలో ఒక్క నట్టు బిగించని మనిషి బిగించిన నట్టు మీద కూర్చున్నాను కదా, ఏ గుంతలో ఊడి పడుతుందోనని చెవులు వెనక్కే పెట్టుకున్నాను. రైల్లో సీటు కింద దాన్ని మడిచి పెట్టి కాలితో ముట్టుకుంటూనే ఉన్నాను. ఖర్కాయి వంతెన మీద కింద నది లేదు, తెల్లటి మంచే. గమ్హరియాలో దిగి విప్పి ఎక్కాను. కార్ఖానాల గొట్టాల పొగ, మంచు కలిసిపోయిన రోడ్డు, ఆగిపోయిన ఆటోలు, వాటి పక్కనుంచి నేను తేలిపోతున్నట్టు. గేటు దగ్గర దిగేసరికి ఆరూ పన్నెండు. సూపర్‌వైజరు ఇంకా రానే లేదు!

ఫోన్ చేశాను. ఒక్క మోతకే ఎత్తింది.

“చేరిపోనానత్తా. టైం ఉన్నాది.”

“నట్టు?”

వంగి వేలితో తడిమి చూశాను. “ఉన్నాదత్తా. ఇసుమంత కూడా కదల్లేదు.”

అటు నుంచి ఊపిరి మాత్రం వినబడింది. తర్వాత ఫోన్ పెట్టేసింది. ఆ రోజు పిన్నులు గేజీలో పెడుతూ ఎన్నిసార్లు కళ్ళు తుడుచుకున్నానో నాకే తెలుసు.

సాయంత్రం సందు మొదట్లోనే జనం నన్ను పట్టుకున్నారు. “మీ అత్తకేటైనాదే?” పొద్దుటి నుంచి పానాలు కొంగులో వేసుకుని సందంతా తిరిగిందట. ఒకరి నులకమంచం పట్టీలు బిగించింది. ఒకరి కుళాయి. నాలుగు సైకిళ్ళు. వద్దన్నవాళ్ళవీ బిగించేసింది. నేను మా ఇంటికెళ్తే తలుపు తెరుచుకోదు. నా కూతురు లోపలి నుంచి తోస్తూ “మమ్మీ, నానీ నే కబ్జా టైట్ కర్ దియా!” అని అరుస్తోంది. అది నానీ అనేది అత్తని; తలుపు మడతబందు నట్లు కదలనంత బిగించేసింది మహాతల్లి.

కిటికీ దగ్గరికెళ్ళాను, నవ్వుకుంటూనే. ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది, జుట్టంతా రేగిపోయి, చీర మీద గ్రీజు మరకలతో. నన్ను చూసి కుడిచెయ్యి ఊచల్లోంచి బయటికి చాపింది. అరచేతిలో బొటనవేలి కింద శనగగింజంత బొబ్బ ఎక్కి, నీళ్ళు నిండి మెరుస్తోంది.

“అయ్యో, మందేటీ రాయలేదా అత్తా?”

“ముట్టుకోకే!” చెయ్యి వెనక్కి లాక్కుంది. మళ్ళీ చాపింది. “సూడు, సూడు. ఆ కార్ఖానా కిటికీలోకి సేతులే వచ్చీవే, మొకాలు కనబడీవి కావు. అందరి సేతుల్లోనూ ఉండీవి ఈ బొబ్బలు. నా సేతిలోనే లేవు.”

ఆ చెయ్యి కింద నా చెయ్యి పెట్టి పట్టుకున్నాను, బొబ్బకి తగలకుండా.

“ఎన్నాళ్ళుంతాదే ఇది?” అంది.

“రెండ్రోజులత్తా. మూడో రోజుకి మానిపోతాది.”

“అంతేనా,” అంది అత్త. చెయ్యి లోపలికి తీసుకుని, మెల్లగా గుప్పిట మూసుకుంది.